పిండిపదార్థాలు, జొన్నరొట్టె : మధుమేహ సలహాలపై ఒక విమర్శ

కొంతకాలం క్రితం వేసవిలో ఆళ్ళగడ్డలోని మా మేనత్త ఇంటికి వెళ్ళాను. ఆమె అరవై దాటిన మనిషి. చిన్ననాటి నుండి జొన్నరొట్టె, సంగటి తిని పెరిగినది. ఆమెకు మధుమేహం ఉన్నట్లు అప్పటికి ఆరు నెలల ముందే తేలినది. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు చూస్తే ఆమె కంచంలో రొట్టె లేదు. తెల్లని సన్నబియ్యపు అన్నం, పైన పప్పు, పక్కన ఊరగాయ.

"రొట్టె ఏమయింది అత్తా?" అని అడిగాను.

"పిండిపదార్థాలు తగ్గించమని కాగితంలో రాసినారు నాయనా. రొట్టె చేసేది పిండితోనే కదా! అందుకని రొట్టె మానేసి అన్నమే తింటున్నా" అన్నది.

గోడమేకుకు గుచ్చిన ఆ కాగితాన్ని తీసి చూశాను. అచ్చు చక్కగా ఉన్నది; అక్షరదోషాలు కూడ లేవు. "పిండిపదార్థాలు పరిమితంగా తీసుకొనండి" అని రెండవ వాక్యంలోనే ఉన్నది. పాఠశాలలో ప్రకృతిశాస్త్రం చదివినవారికి ఆ మాట అర్థం వేరు. వంటింట్లో నలభై ఏళ్ళు పిండి పిసికిన మనిషికి వేరు. శాస్త్రం ప్రకారం బియ్యంలోనే పిండిపదార్థం ఎక్కువ. ఆమె లెక్కలో అన్నానికి పిండికి సంబంధమే లేదు. సలహాను ఆమె తూచ తప్పకుండా పాటించినది. పాటించటం వల్లనే నష్టపడినది.

ఈ పొరపాటుకు ఎవరు బాధ్యులు? కాగితం ఇచ్చిన వైద్యుడా, దానిని తెనిగించినవారా, అర్థం చేసుకొనలేకపోయిన రోగియా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఇటువంటి సలహాలు మొదట ఎక్కడ పుడతాయో, ఏయే చేతులు మారి ఆ గోడమేకు దాకా వస్తాయో చూడవలసి ఉన్నది.

వ్యాధుల నివారణకు, చికిత్సకు సంబంధించిన మార్గదర్శక సూత్రాలను సాధారణంగా ఆయా వైద్యశాఖల నిపుణుల సంఘాలు తయారు చేస్తాయి. మన దేశంలో మధుమేహం విషయంలో ఆ పని చేస్తున్న ప్రముఖ సంస్థ 1972లో ఏర్పడిన రీసెర్చ్ సొసైటీ ఫర్ ద స్టడీ ఆఫ్ డయాబెటిస్ ఇన్ ఇండియా. ఈ సంఘం 2015, 2017, 2020, 2022 సంవత్సరాలలో వైద్యుల కొరకు సిఫారసులు ప్రకటించినది. వాటిలో 2020 నాటివి ఎండోక్రైన్ సొసైటీ ఆఫ్ ఇండియాతో కలిసి వెలువరించినవి. పని జరిగే తీరు స్థూలంగా ఇది: నిపుణుల బృందం ముందు ప్రశ్నలు నిర్ణయించుకొంటుంది. ఏ వయస్సు నుండి పరీక్షలు చేయాలి, నడుము చుట్టుకొలత ఎంత దాటితే ప్రమాదం, ఏ ఆహారం మేలు అన్నవి అటువంటి ప్రశ్నలు. తరువాత ప్రపంచమంతటా వెలువడిన పరిశోధనలను వెదకి, వాటి సాక్ష్యబలాన్ని తూచి, ఏకాభిప్రాయానికి వచ్చి, పత్రికలో ప్రకటిస్తుంది.

ఈ సంఘం చేసిన మంచిపని గురించి ముందు చెప్పటం న్యాయం. పాశ్చాత్యుల సూత్రాలను ఉన్నవి ఉన్నట్లుగా దించుకొనకుండా మన దేశపు శరీరాలకు తగిన కొలతలను అది తీసుకొన్నది. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల నడుము కొలత దాటితే జాగ్రత్తపడాలన్నది అటువంటి హద్దు. పాశ్చాత్య దేశాలలో వాడుకలో ఉన్న హద్దులు కొన్ని ఇంతకంటె ఎక్కువ. 2017 నాటి సిఫారసులలో అన్ని సౌకర్యాలు ఉన్నచోట చేయవలసినదేమిటి, సౌకర్యాలు తక్కువగా ఉన్నచోట కనీసం చేయవలసినదేమిటి అని రెండు విధాలుగా విడదీసి చెప్పారు. పెద్ద ఆసుపత్రి దృష్టితోనే కాక, ఒకే వైద్యుడు, ఒకే రక్తపరీక్ష యంత్రం ఉన్న చోటును కూడ తలచుకొని వ్రాశారన్నమాట. ఉపవాసాలు ఉండే రోగుల కొరకు వేరుగా ఒక ప్రకరణం కేటాయించటం కూడ మెచ్చుకొనదగినదే.

ఇంతవరకు బాగానే ఉన్నది. చిక్కు తరువాతి మెట్టులో వస్తున్నది.

సంఘం సిఫారసులు ఆంగ్లంలో వైద్యుల కొరకు వ్రాసినవి. వాటి సారాన్ని రోగికి చెప్పే కరపత్రం మాత్రం ఎక్కడో, ఎవరి చేతనో, తీరిక వేళల్లో తయారవుతుంది. సిఫారసు తయారీకి ఉన్నంత పద్ధతి కరపత్రం తయారీకి లేదు. మార్గదర్శక సూత్రాల నాణ్యతను కొలవటానికి అంతర్జాతీయంగా 'అగ్రీ' అనే కొలమానం ఒకటి ఉన్నది. 2010లో సవరించిన రూపంలో దీనికి ఆరు విభాగాలు, 23 అంశాలు. రోగుల అభిప్రాయాలను సేకరించారా అన్నది వాటిలో ఒక అంశం. ఆ సంవత్సరమే వెలువడిన ఒక సమీక్షలో, అంతకు ముందు మూడు దశాబ్దాల కాలంలో వివిధ దేశాలలో వచ్చిన 626 మార్గదర్శక సూత్రాలకు ఈ కొలమానం పాతరూపంతో వచ్చిన మార్కులను పోగుచేశారు. స్పష్టత విభాగంలో సగటున 60 శాతం మార్కులు వచ్చాయి. ఆచరణయోగ్యత విభాగంలో 22 శాతమే. కనుక ఇది మన దేశానికే పట్టిన తెగులు కాదు. అయినా మన దగ్గర దీనికి మరొక సంకటం తోడైనది. అది భాష.

మా మేనత్త కాగితంలోనే మరొక వాక్యం చూడండి: "ఉపవాస రక్తచక్కెర పరీక్ష మూడు నెలలకొకసారి చేయించుకొనండి." ఆంగ్లపు మాటకు ఇది ముక్కస్య ముక్క తెనుగు. మన ఇళ్ళలో ఉపవాసమంటే ఏమిటి? శనివారం ఉపవాసమున్న మనిషి అన్నం మాత్రమే మానుతాడు. ఉప్మాయో, దోసెయో, అరటిపండ్లో, పాలో ఫలహారం చేస్తాడు. అలా ఫలహారం చేసి పోయి రక్తమిచ్చి, చక్కెర పెరిగినదని వైద్యుడు మాత్ర పెంచితే ఆ తప్పు ఎవరిది? ఎనిమిది గంటలపాటు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండ ఉండటమే ఈ పరీక్షకు నియమం. దానికి తెలుగులో అందరికీ తెలిసిన మాట 'పరగడుపు' ఉండనే ఉన్నది. నంద్యాల సంతలో ఎవరిని అడిగినా చెబుతారు. కరపత్రం వ్రాసినవారికి ఆ మాట తెలియక కాదు. కాగితం మీద పెట్టటానికి అది తగిన హోదా గల మాటగా తోచి ఉండదు.

ఇక ఆహారం సంగతి. చాల కరపత్రాలలో మానవలసిన పదార్థాల పట్టిక కేకులు, పేస్ట్రీలు, పిజ్జాలు, శీతలపానీయాలతో మొదలవుతుంది. నంద్యాల వీధుల్లో ఇవి దొరకవని అనను. కాని నంద్యాల మనిషి పొద్దున తినేది ఉగ్గాని, దానితో మిరపకాయ బజ్జి. పండుగనాడు తినేది భక్షాలు. రోజూ రెండు పూటలా తినేది అన్నం. వీటి ఊసు లేని పట్టికను చదివి, 'ఇందులో నేను తినేది ఒక్కటీ లేదు, నాకు భయం లేదు' అని అతడు నిశ్చింతగా ఉంటే ఆశ్చర్యమేమున్నది?

ఈ ప్రాంతంలో అన్నం రోజువారీ భోజనమైన చరిత్ర కూడ సలహా వ్రాసేవారు తెలుసుకొనదగినదే. నల్లరేగడి నేలలలో జొన్న, కొర్ర పండించి తిన్న సీమ ఇది. పందొమ్మిదవ శతాబ్దంలో త్రవ్విన కర్నూలు-కడప కాలువ క్రింద వరి మొదలైనది. తరువాత తెలుగుగంగ, శ్రీశైలం కుడికాలువ వచ్చి ఆయకట్టు పెరిగినది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వసాగిన తరువాత వర్షాధారపు పల్లెలలో కూడ జొన్న వెనుకబడి అన్నం ముందుకు వచ్చినది. ఇప్పుడు సన్నబియ్యం తినటం ఒక గౌరవం. సంగటి తినటం పేదరికానికి గుర్తు, లేదా హోటలులో ఆదివారపు సరదా. అన్నం తగ్గించమని రోగికి చెప్పటమంటే ఒక తరం కష్టపడి సంపాదించిన గౌరవాన్ని తగ్గించుకొమ్మని చెప్పటమే. ఒక్క వాక్యంలో తెమిలే పని కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుండి వచ్చేది 45 శాతానికి మించకూడదు. మన భోజనాలలో అది అంతకంటె చాల ఎక్కువ. ఈ 45 శాతాన్ని కంచంలో ఎట్లా చూపించాలి? కొందరు గ్రాములలో చెబుతారు. కొందరు 'ఒక కప్పు' అంటారు. మన వంటింట్లో అన్నాన్ని కొలిచేది గరిటె, సంగటిని కొలిచేది ముద్ద, రొట్టెలను లెక్కపెట్టటమే. ఈ కొలతలలో చెప్పని సలహా త్రాసు లేని అంగడి వంటిది.

దీనికి విరుగుడుగా ఈ మధ్య కొర్రల వెర్రి ఒకటి బయలుదేరినది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుండి పనిచేస్తున్నది. సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలు అక్కడ రూపొందినవే. ఈ ధాన్యం ఇక్కడిదే కనుక దీనిని గురించి చెప్పటం సబబే. కాని 'కొర్రలు తింటే చక్కెర వ్యాధి పోతుంది' అని చెప్పటం సైన్సు కాదు. పోషకాహార సంస్థ 2017 నాటి పట్టికల ప్రకారం నూరు గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 78 గ్రాములు, జొన్నలలో సుమారు 68 గ్రాముల పిండిపదార్థం ఉన్నది. పీచు మాత్రం బియ్యంలో 3 గ్రాములకు లోపు, జొన్నలలో 10 గ్రాములు. కొర్రలలో కూడ పిండిపదార్థం 60 గ్రాములకు తక్కువ కాదు. పీచు వల్ల, గింజ నిర్మాణం వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఆ మేరకు మేలే. అయితే కొర్రన్నం కదా అని కంచం నిండా పెట్టుకొంటే ఆ మేలు అక్కడికక్కడే తీరిపోతుంది. ధాన్యం మార్చటం కంటె పరిమాణం తగ్గించి, ఆ ఖాళీని పప్పుతోను, ఆకుకూరతోను, శనగలతోను నింపటం ముఖ్యం. శనగ కూడ ఈ సీమ పంటే. దాని పేరు ఎత్తిన కరపత్రం నాకు కనబడలేదు.

వ్యాయామం గురించి ఎక్కువ చెప్పను. రోజూ అరగంట నడవమని అందరికీ ఒకే మాట చెబుతారు. పొద్దుగుంకే దాకా పత్తి తీసి వచ్చిన కూలీ స్త్రీకి ఈ మాట చదివి వినిపిస్తే ఆమె నవ్వుతుంది. ఈ విషయంలో పరిశోధకులు కరపత్ర రచయితల కంటె వివేకంగా ప్రవర్తించారు. 2006లో ఫలితాలు వెలువడిన భారత మధుమేహ నివారణ కార్యక్రమంలో శరీరశ్రమ చేసేవారిని కొత్తగా నడవమని అడగలేదు. చేస్తున్న శ్రమనే కొనసాగించమన్నారు. 2005లో మద్రాసు పరిశోధకులు తయారు చేసిన భారతీయ మధుమేహ ప్రమాద సూచికలో కూడ శ్రమకు మార్కులు వేరుగా ఉన్నాయి. వయస్సు, నడుము, శరీరశ్రమ, తల్లిదండ్రుల వ్యాధి అనే నాలుగింటికి కలిపి నూరు మార్కులు. అరవై, ఆపైన వస్తే ప్రమాదం ఎక్కువ. రక్తపు బొట్టు తీయకుండా, ఒక టేపుతో ముగించగల లెక్క ఇది. అయితే ఆళ్ళగడ్డ శిల్పిని ఏ గడిలో వేయాలి? పొద్దంతా ఉలి, సుత్తి పట్టి రాతిని చెక్కే మనిషి చేతులు చేసేది కఠినశ్రమ; కాని కూర్చున్న చోటు నుండి కదలడు. ప్రశ్న అడిగే ఆశా కార్యకర్త దీనికి తనకు తోచిన గడిలో గుర్తు పెడుతుంది.

శిల్పుల మాట వచ్చినది కనుక పాదాల సంగతికి వస్తాను. నా దృష్టిలో అన్నిటికంటె ప్రమాదకరమైన లోపం ఇక్కడనే ఉన్నది. మధుమేహం ముదిరినవారిలో చాలమందికి పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గుతుంది. ముల్లు గ్రుచ్చుకొన్నా, కాలినా నొప్పి తెలియదు. తెలియని పుండు చీము పట్టి, చివరకు వేలో, పాదమో తీసివేయవలసి వస్తుంది. అందుచేత "ఎన్నడూ చెప్పులు లేకుండ నడవరాదు" అని కరపత్రాలు శాసిస్తాయి.

ఇది శాస్త్రీయంగా నూటికి నూరుపాళ్ళు సరైన మాట. కాని నంద్యాల మనిషి కార్తికంలో నవనందుల దర్శనానికి పోతాడు; మహానంది కోనేటి మెట్లు దిగుతాడు; ఆళ్ళగడ్డ మనిషి అహోబిలం కొండ ఎక్కుతాడు. అంతటా వట్టికాళ్ళే. నలభై డిగ్రీలు దాటిన ఎండలో రాతిపరుపు మీద ప్రదక్షిణం చేస్తే మామూలు మనిషి అంగలు వేస్తూ పరుగెత్తుతాడు. స్పర్శ పోయినవాడు తాపీగా నడుస్తాడు. 'స్వామి దయ వల్ల నాకు కాలలేదు' అని కూడ అనుకొంటాడు. సాయంత్రానికి అరికాలు బొబ్బలెక్కుతుంది. వరి మడిలో దిగేవాడి సంగతి వేరే చెప్పాలా? బురదలో చెప్పులతో నాటు వేసేవారెవరు? శిల్పశాలలో నేలంతా రాతిపెళ్ళలే.

'ఎన్నడూ' అనే ఆజ్ఞను పాటించటం అసాధ్యమైనప్పుడు మనిషి దానిని పూర్తిగా వదిలివేస్తాడు. పాటించదగిన సలహా మరొక విధంగా ఉండవచ్చు: గుడికి తెల్లవారుజామున, రాయి వేడెక్కక ముందే పోవటం, అనుమతి ఉన్నచోట మందపు మేజోళ్ళు తొడగటం, మడి నుండి, గుడి నుండి వచ్చిన వెంటనే కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అద్దం పెట్టి అరికాలు చూసుకొనటం, లేదా మనుమడి చేత చూపించుకొనటం. నీళ్ళ వేడిని కాలితో కాక మోచేతితో చూడటం. స్పర్శ ఉన్నదీ లేనిదీ తేల్చటానికి వైద్యులు వాడే పరికరం పది గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాను తీగ ముక్క మాత్రమే. సంవత్సరానికొకసారి ఆ పరీక్ష చేయమని అడుగవచ్చునని రోగికి చెప్పిన కరపత్రాలు ఎన్ని?

కాగితాల వల్ల, మాటల వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని పాఠకులకు సందేహం రావచ్చును. ఒరుగుతుందని ప్రయోగాలే చెబుతున్నాయి. పైన చెప్పిన నివారణ కార్యక్రమంలో వ్యాధి అంచున ఉన్న 531 మందిని నాలుగు వర్గాలుగా విభజించి సుమారు రెండున్నర ఏళ్ళు పరిశీలించారు. ప్రత్యేక సలహాలేమీ లేని వర్గంలో 55 శాతం మందికి వ్యాధి వచ్చినది. ఆహారం, శ్రమ గురించి పదే పదే సలహాలు అందుకొన్న వర్గంలో 39 శాతం మందికే. మాత్ర ఇచ్చిన వర్గం ఫలితం కూడ ఇంచుమించు అంతే. అనగా మంచి సలహా మాత్రతో సరితూగినది. 2013లో ప్రకటించిన మరొక ప్రయోగంలో ఆగ్నేయ భారతంలోని 537 మంది పనివారిలో సగం మందికి సెల్‌ఫోను సందేశాలు పంపారు. రెండేళ్ళలో సందేశాలు అందినవారిలో 18 శాతం, అందనివారిలో 27 శాతం వ్యాధిగ్రస్తులైనారు. అయితే ఆ సందేశాలను మనిషి సంసిద్ధతను బట్టి మార్చి మార్చి పంపారు. ఒకసారి అచ్చు వేసి గోడకు గుచ్చిన కాగితం వంటివి కావవి.

భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా. వ్యాధి అంచున ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. ఈ రెండవ సంఖ్యలోని వారికి కావలసినది మాత్ర కంటె ముందు మాట. అందులో సందేహం లేదు. ఆ మాటను మందుల కంపెనీ ఖర్చుతో, అట్టడుగున మాత్ర పేరుతో అచ్చువేసి పంచటం ఎంతవరకు సబబు అన్నది వైద్య సంఘాలే ఆలోచించుకొనవలెను. సిఫారసులు వ్రాసే నిపుణులు తమకు ఏయే కంపెనీలతో సంబంధమున్నదో పత్రికలో ప్రకటిస్తారు. కరపత్రానికి అటువంటి నియమం వర్తించటం లేదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కరపత్రాన్ని అచ్చుకు పంపే ముందు పదిమంది రోగులకు చదివి వినిపించి, 'మీకు అర్థమయినదా?' అని కాక, 'మీరు విన్నది మీ మాటల్లో చెప్పండి' అని అడగటం. మా మేనత్తను ఎవరైనా అట్లా అడిగి ఉంటే ఒక్క నిమిషంలో గుట్టు బయటపడేది. 2022లో నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడ మొదలైనది. ఆ విద్యార్థులు పల్లెలకు పోయినప్పుడు ఈ పరీక్షను ఒక అభ్యాసంగా చేయవచ్చును. సంఘం చేయవలసినది, అటువంటి పరీక్ష జరగని కరపత్రం మీద తన పేరు వేయనని నిర్ణయించుకొనటం.

ఆనాడు నేను కూడ ఒక ప్రయత్నం చేశాను. వైద్యునితో ఫోనులో మాట్లాడి, కాగితం వెనుకవైపున నాలుగే వాక్యాలు పెద్ద అక్షరాలతో వ్రాసి మా మేనత్తకు చదివి వినిపించాను. మొదటిది: "పూటకు రెండు జొన్నరొట్టెలు, లేకుంటే గరిటెన్నర అన్నం, రెండూ కాదు." తిరిగి చెప్పమంటే తప్పు లేకుండ చెప్పినది. సంతోషించి కలం జేబులో పెట్టుకొనబోతుండగా ఆమె ఒక ప్రశ్న వేసినది:

"అంతా బాగుంది గాని నాయనా, రెండు రొట్టెలంటే నేను తట్టే రొట్టెలా, కోడలు తట్టే రొట్టెలా?"